బొడ్రాయి కిందికి పోయిన అక్షరాలు

రాళ్లకు కాగితాలు అంటించే ఉద్యోగం. మా అత్త నా పని గురించి చుట్టాలకు ఇట్లాగే చెప్పేది. రిటైరయ్యాక ఆలోచిస్తే, ఇంతకంటే సరిగ్గా మా శాఖ కూడా ఎప్పుడూ చెప్పలేదనిపిస్తుంది. పాత శాసనం ఉన్న రాయిని శుభ్రంగా కడగాలి. దాని మీద తడి కాగితం పరచాలి. బ్రష్షుతో కొట్టి కొట్టి కాగితాన్ని అక్షరాల గుంటల్లోకి దించాలి. అది ఆరుతూ ఉండగా గుడ్డ ఉండతో సిరా అద్దాలి. అప్పుడు రాయి నల్లగా, అక్షరాలు తెల్లగా కాగితం మీదికి వస్తాయి. దీన్ని మేం అచ్చు తీయడం అంటాం. తర్వాత నీడలో కూర్చుని చదువుకోవచ్చు.

ఇంతే పని. ఇది నేర్చుకోవడానికి ఒక వానాకాలం చాలు. మిగతా సర్వీసంతా నేను నేర్చుకున్నది, రాయికీ నాకూ మధ్య నిలబడే మనుషులతో కొట్లాడటం. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఎవరూ చెప్పనిది అదే. ప్రమోషన్ల గురించి, ఫైళ్ల గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను కొట్లాట గురించి రాస్తాను. చదివి, ఈమెకు ఇంకా కోపం తగ్గలేదేమిటి అనుకుంటారేమో. తగ్గలేదు.

భక్తితో చేసే నాశనం

దొంగల మీద నాకు పెద్ద కోపం లేదు. గుప్తనిధులు ఉన్నాయని నంది కడుపు పగలగొట్టేవాడు దొంగ అని అందరికీ తెలుసు. పోలీసులు పట్టుకుంటారు, పట్టుకోకపోతే వాడి కర్మ. నా రక్తం మరిగేది మంచివాళ్లను చూసి. కోదాడ వైపు ఒక చిన్న గుడి ఉంది. స్తంభాల మీద నాలుగు వైపులా అక్షరాలు. నేను సామాను సర్దుకుని వెళ్లేసరికి కమిటీ వాళ్లు మిషన్ పెట్టి, ఇసుక చిమ్మించి, గుడి మొత్తం పాలిష్ చేయించారు. కొత్త రాయిలా మెరుస్తోంది. అక్షరం ఒక్కటి లేదు.

కమిటీ పెద్దాయన చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు. "ఎలా ఉందండీ మేడం? నల్లగా మకిలి పట్టిపోయింది కదండీ, మొత్తం తీయించేశాం."

ఆయనను ఏమనాలి? సొంత ఖర్చుతో, ఉపవాసం ఉండి చేయించాడు. కాకతీయుల కాలం నుంచి ఎండకూ వానకూ తట్టుకున్న అక్షరాలు ఈయన భక్తికి తట్టుకోలేకపోయాయి. ఆయన పెట్టిన కొబ్బరి ముక్క తినకుండా వచ్చేశాను. ఆయన బాధపడ్డాడని తర్వాత తెలిసింది. పడనీ.

ఇట్లాంటివి లెక్కలేనన్ని చూశాను. శాసనం మీద ఎనామిల్ పెయింటు. శాసనం మీద బాత్రూం టైల్సు. శాసనానికే మేకులు కొట్టి, దాతల పేర్లున్న కొత్త గ్రానైట్ పలక. ఎవరినడిగినా ఒకటే మాట, డెవలప్ చేసినం మేడం. డెవలప్ అనే మాట ఇప్పటికీ ఎవరైనా నా ఎదుట అంటే నాకు పళ్లు గిట్టకరుచుకుంటాయి.

ఊరి పేరు రాయను

నేను చెప్పదలుచుకున్న ఊరు కృష్ణ ఒడ్డున ఉంది. మిర్యాలగూడలో బస్సెక్కితే వడ్ల మిల్లులు దాటి, సున్నపురాయి గుట్టలు దాటి, ఏటి దాకా వెళ్లి ఆగిపోతుంది. పేరు రాస్తే గుప్తనిధుల వాళ్లు రేపే గడ్డపార పట్టుకుని బయలుదేరతారు. మీరు కూడా ఈ అలవాటు చేసుకోండి. పేపర్లో రాసేటప్పుడు ఊరు చెప్పకండి.

ఒకప్పుడు అది పెద్ద రేవు. అవతలి ఒడ్డుకు పోవాలంటే ఇక్కడ పుట్టి అనే గుండ్రటి పడవ ఎక్కాల్సిందే. దూరంగా వంతెన పడ్డాక రేవు ఆగిపోయింది. పుట్టి నడిపే కుటుంబాలు చేపల వేటలో పడ్డాయి. ఊళ్లో వాళ్లను రేవోళ్లు అంటారు. వాళ్ల ఇళ్లు ఊరికి కొంచెం ఎడంగా, ఒడ్డు మీదే ఉంటాయి.

నేను అక్కడికి వెళ్లింది గుడిలోని శాసనాల కోసం. అవి ఎవరో ఎప్పుడో అచ్చు వేసినవే. నిరాశగా తిరిగి వస్తుంటే ఊరి నడిబొడ్డున బొడ్రాయి కనబడింది. మన ఊళ్లు తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఊరు కట్టినప్పుడు మధ్యలో పాతే రాయి బొడ్రాయి. ఊరికి అది బొడ్డు. దాన్ని కదిలిస్తే ఊరు కదులుతుందని నమ్మకం. ఆ రాయి మీద వేళ్ల మందాన పసుపు, కుంకుమ, నూనె పేరుకుని ఉన్నాయి. పసుపు పెచ్చు ఊడినచోట ఒక అక్షరం కనబడింది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఎవరో, ఏ కాలంలోనో, శాసనం రాయినే బొడ్రాయిగా చేసుకున్నారు.

పసుపు కడుగుతానన్నాను. పెద్దమనుషులు చుట్టూ చేరారు.

"కడిగితే ఊరికి అరిష్టమైతది మేడం," అన్నాడొకాయన. ఇంకొకాయన గొంతు తగ్గించి, "ముందు జర చెప్పుండ్రి, మీరు బయట లేరు గదా?" అని అడిగాడు.

"నాకు జీతమిచ్చే సర్కారే నన్ను ఆ మాట అడగలేదు. నువ్వెవరు అడగనీకి?" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. కానీ పని జరిగింది. కడగడానికి ఒప్పుకోలేదు గానీ, పసుపు ఊడినంత మేర చదువుకోనిచ్చారు.

పైన ఉన్నదంతా పొగడ్త. రాజు అంతవాడు, ఇంతవాడు, శత్రువులకు సింహం. భూమికి ఆనుకుని ఉన్న వరుసలో మాత్రం "ఈ రేవు" అనే మాట ఉంది. ఆ తర్వాతది మట్టిలో ఉంది. రాయిలో సగం భూమిలోనే ఉన్నట్టుంది. శాసనాల్లో ఎప్పుడూ పొగడ్త పైన, అసలు సంగతి కింద ఉంటుంది. ఇక్కడ అసలు సంగతి బొడ్రాయి కిందికి పోయింది.

ముత్తక్క అడిగిన మాట

ఆ రోజు నాకు అన్నం పెట్టింది ముత్తక్క. రేవోళ్ల పెద్ద. నాకంటే కొంచెం పెద్దది, మనిషి ఎండిపోయినా గొంతు మాత్రం అవతలి ఒడ్డుకు వినబడుతుంది. నేను రాయి దగ్గర పెద్దమనుషులతో తగువు పడుతుంటే చేపల గంప దించి చివరిదాకా నిలబడి విన్నది. తర్వాత చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

చేపల పులుసు వడ్డిస్తూ అడిగింది. "రేవు అని ఉన్నదంటివి గద చెల్లె. మా ముచ్చట గిట్ల ఏమన్న ఉన్నదా దాంట్ల?"

"ఉండొచ్చు అక్కా. కింది సగం చూస్తే గాని తెల్వది."

"మమ్ముల ఈ ఊరోళ్లు గాదంటరు. ఏరు ఎంబడి కొట్టుకొచ్చినోళ్లంటరు. బొడ్రాయి పండుగకు నీళ్లు మేమే తేవాలె. నడి ఏట్ల కెల్లి మేం తెస్తెనే ఆ నీళ్లు పనికొస్తయి. కని పొలి జల్లుకుంట ఊరు సుట్టు తిరిగేటప్పుడు మా ఇండ్లు ఇడిసిపెట్టి పోతరు. మేం ఊరి బయటోళ్లమట."

పొలి అంటే ఊరి పొలిమేర చుట్టూ చల్లే బలి అన్నం. అది ఎంతవరకు తిరిగితే అంతవరకే ఊరు. లోపలున్న వాళ్లను ఊరు కాపాడుతుంది, బయటి వాళ్ల సంగతి ఊరికి పట్టదు. ఇది పండుగతో పోయే విషయం కాదు. ఇంటి జాగాకు కాగితం అడగడానికి పోయినప్పుడల్లా రేవోళ్లకు ఆఫీసులో దొరికిన జవాబు కూడా ఇదే. మీరు ఊరి బయట ఉన్నారు, ఒడ్డు ఆక్రమించుకున్నారు అని.

నేను ఆఫీసుకు వచ్చి, కింది సగం చూడటానికి అనుమతి ఇప్పించండి అని అడిగాను. మా పై అధికారి బాగా చదువుకున్నవాడు. సంస్కృతం నోటికి వచ్చు. ఆయన నా కాగితం చూసి నవ్వాడు. "బొడ్రాయి జోలికి పోకు సరోజా. సెంటిమెంట్. నాకు పైనుంచి ఫోన్లు వస్తాయి. రాజు పేరు దొరికింది కదా, అది వేసేద్దాం. మిగతా భాగం కనబడదు అని రాయి."

అట్లాగే అచ్చయింది. రాజు పొగడ్త పుస్తకంలోకి పోయింది, ముత్తక్క ప్రశ్న మట్టిలో ఉండిపోయింది. ఆయనకు తర్వాత సన్మానాలు జరిగాయి. ఒక సభలో నేను కూడా వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. ఆ ఊరి వైపు వెళ్లినప్పుడల్లా ముత్తక్క అడిగేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఇట్లా ఏళ్లు గడిచాయి.

మైకు

నా సర్వీసు చివరి ఏడాదిలో ముత్తక్క ఫోన్ చేసింది. "చెల్లె, బొడ్రాయి మారుస్తున్నరు. పాతది పగిలిందట, కొత్త గ్రానైటుది తెచ్చిండ్రు. పాతదాన్ని అదే గుంతల అడుగున ఏసి మీద కాంక్రీటు పోస్తరట. జల్ది రా."

అంటే రాయి బయటికి తీసిన తర్వాత, మళ్లీ గుంతలో పడేలోపు, ఒక్క పూట. అంతే. పై అధికారిని మళ్లీ అడిగాను. సెంటిమెంట్ అన్నాడు మళ్లీ. సెలవు పెట్టి, సొంత కాగితాలు, సొంత బ్రష్షు పట్టుకుని బస్సెక్కాను.

ఊరంతా డప్పులు, మామిడి తోరణాలు. ఆడబిడ్డలందరినీ పిలిపించారు. కమిటీ చైర్మన్ కాంట్రాక్టరు. పుష్కర ఘాటు పని కూడా ఆయనదే. నేను అచ్చు తీస్తానంటే వెంటనే ఒప్పుకున్నాడు, నాకే ఆశ్చర్యమేసింది.

"తీయుండ్రి మేడం, తీయుండ్రి. ఏ రాజు నిలబెట్టిండో చెప్తే ఫ్లెక్సీల ఏస్తం. మన ఊరికి గూడ చరిత్ర ఉండాలె గదా."

జేసీబీ రాయిని పైకి లేపింది. నేను అనుకున్నట్టే కింది సగం భూమిలో భద్రంగా ఉంది. పసుపు లేదు, నూనె లేదు. మట్టి కడిగితే నిన్న చెక్కినట్టు అక్షరాలు. ఒకవైపు హోమం పొగ, ఇంకోవైపు నేను నేల మీద చతికిలబడి బ్రష్షుతో కొడుతున్నాను. నా వెనక రేవోళ్ల ఆడవాళ్లు నడి ఏటి నీళ్ల బిందెలు నెత్తిన పెట్టుకుని వరుసగా నిలబడ్డారు.

సిరా అద్దుతుండగానే చదవడం మొదలుపెట్టాను. చైర్మన్ వచ్చి నా చేతిలో మైకు పెట్టాడు. "రాజు పేరు గట్టిగ చెప్పుండ్రి మేడం, అందరు ఇనాలె."

గట్టిగానే చెప్పాను. ఈ రేవు నడిపే వాళ్లు తమ భూమిలో ఈ ఊరివాళ్లకు పేట కట్టుకోవడానికి చోటిచ్చారు. ఈ రాయి నిలిపింది వాళ్లే. వాళ్లకు ఏటి ఒడ్డున ఇళ్లు, చేను, సూర్యచంద్రులు ఉన్నంత కాలం. ఎవడైనా అది లాక్కుంటే వాడు గంగ ఒడ్డున ఆవును చంపినంత పాపాన పోతాడు. పాత తెలుగులో ఒకసారి, మన తెలుగులో ఒకసారి చదివాను. డప్పులు ఆగిపోయాయి.

చైర్మన్ మైకు లాక్కున్నాడు. "సరె సరె, పాతకాలపు ముచ్చట్లు. ముహూర్తం దాటుతది, పొలి బండి కదలనియ్యుండ్రి."

ముత్తక్క నెత్తిన బిందె దించకుండానే ముందుకు వచ్చింది. "చైర్మన్ సాబ్, పొలి మా ఇండ్ల సుట్టు తిరుగుతదా?"

"గిప్పుడు దారి మార్చనీకి రాదు. వచ్చే పండుగకు సూద్దాం."

"వచ్చే పండుగ అంటే మా మనుమలు ముసలోళ్లయినంకనా?"

"ఏయ్, పంచాది పెట్టకు. నీళ్లు పోసి పో."

పోసింది. కొత్త గ్రానైటు బొడ్రాయి మీద కాదు. నేల మీద పడి ఉన్న పాత రాయి దగ్గరికి వచ్చి, నా కాగితం ఒకపక్కకు తీయమని సైగ చేసి, బిందె మొత్తం దాని మీద కుమ్మరించింది. వెనక ఉన్న ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అట్లాగే పోశారు. ఒక్క చుక్క మిగల్చలేదు. ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని నిలబడ్డారు.

పంతులుగారు కోదాడ నుంచి వచ్చినాయన, కంగారు పడ్డాడు. "నది నీళ్లు లేకపోతే ఎలాగండీ? అభిషేకం ఎలా చేస్తాం?" రేవోళ్లు తప్ప ఇంకెవరూ నడి ఏటి నీళ్లు తేకూడదు, అది ఊరోళ్లు పెట్టుకున్న నియమమే. ఏటికి పోయి తెచ్చే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది. చివరికి చైర్మన్ ఏం చేశాడో తెలుసా? వాటర్ ప్లాంట్ నుంచి నీళ్ల క్యాన్లు ఆటోలో తెప్పించాడు. పక్కనే కృష్ణ పారుతుంటే, ఆ ఊరి బొడ్రాయికి ఫిల్టర్ నీళ్లతో స్నానం చేయించారు. నా కళ్లతో చూశాను.

పాత రాయిని గుంతలో వేయబోతే రేవోళ్ల మగవాళ్లు అడ్డం పడ్డారు. చైర్మన్ విసుక్కున్నాడు. "తీస్కపోనియ్యుండ్రి, పీడ పోతది. మనకు కొత్తది ఉన్నది గదా." ట్రాక్టర్ ట్రాలీలో ఎక్కించుకుని ఒడ్డుకు తీసుకుపోయి, అక్షరాలన్నీ కనబడేలా వాళ్ల ఇళ్ల మధ్యలో నిలబెట్టుకున్నారు. ఆ సాయంత్రం ఆ ఇళ్ల చుట్టూ వాళ్లే పొలి చల్లుకున్నారు. నేను కూడా వెంట నడిచాను. నా ఉద్యోగంలో నేను సంతోషంగా నడిచిన నడక అదొక్కటే.

లారీ

ఆఫీసులో అచ్చు ఇచ్చాను. పై అధికారి చూసి, "బాగా వచ్చింది" అన్నాడు. మొత్తం చదివాక కళ్లజోడు తీసేశాడు. "ఇది వివాదాస్పదం. ఇప్పుడే వెయ్యొద్దు." అచ్చును బీరువాలో పెట్టించాడు. నాకు శాలువా కప్పి, దండ వేసి ఇంటికి పంపారు.

తర్వాత ఘాటు సుందరీకరణ అని రేవోళ్లకు నోటీసులు వచ్చాయి. పార్కు, లైట్లు, సెల్ఫీ పాయింటు. ఇళ్లు తీసేయాలట. వాళ్లు విచారణకు వచ్చిన రెవెన్యూ అధికారిని తీసుకుపోయి రాయి చూపించారు. నన్ను పిలిచారు, వెళ్లి చదివి వినిపించాను. అతను చిన్నవాడు, మర్యాదగా విన్నాడు. "రాయి పట్టా కాదు కదా మేడం," అన్నాడు. నిజమే, కాదు. కానీ వీళ్లు నిన్నగాక మొన్న వచ్చి ఒడ్డు ఆక్రమించుకున్నారు అని నోటీసులో రాశారు కదా, అది మీరు ఈ రాయి ముందు నిలబడి మళ్లీ చదవండి అన్నాను. చదవలేదు. సర్వే మళ్లీ చేయిస్తానని వెళ్లిపోయాడు. పేపర్లో కూడా చిన్న వార్త వచ్చింది.

అప్పుడు చైర్మన్‌కు చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంత విలువైన శాసనం ఎండకూ వానకూ పాడైపోతోంది, వెంటనే మ్యూజియానికి తరలించండి అని అర్జీ పెట్టుకున్నాడు. కాంక్రీటు కింద పూడుద్దామన్న మనిషి ఇతనే. నా సర్వీసంతా నేను రాసిన ఏ ఒక్క ఉత్తరానికీ కదలని మా శాఖ, ఈ అర్జీకి కదిలింది. లారీ పంపింది.

మ్యూజియం వెనక పెరడు మీరు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చూస్తారు. వరుసగా రాళ్లు, వాటి మీద తెల్ల రంగుతో నంబర్లు. ఏ రాయి ఏ ఊరిదో, ఎవరి వాకిట్లో నిలబడి ఉండేదో అడగండి, చెప్పగలిగిన వాళ్లు ఇద్దరు కూడా దొరకరు. ఊళ్లల్లో వాళ్లు అనుమానంగా చూసినప్పుడల్లా, శాఖకు అప్పగించండి, భద్రంగా ఉంటుంది అని వందల మందికి చెప్పాను. కొన్నిచోట్ల అది సరైన మాటే. ఇక్కడ ఆ రాయి లారీ ఎక్కితే, మర్నాడు జేసీబీ ఆ ఇళ్ల మీదికి వస్తుంది.

నేను సూర్యాపేటలో కూరగాయలు కొంటుండగా ఫోన్ వచ్చింది.

"చెల్లె, మీ ఆఫీసోళ్లు లారీ ఏస్కోని వచ్చిండ్రు. రాయి మాది గాదు, సర్కారుదంట. సంతకం పెట్టిన కాగితం గూడ సూపెడుతున్నరు. ఏం జేయమంటవ్?"

పక్కన ఎవరో ఆఫీసు గొంతుతో, మేడంగారికే ఇవ్వండి, ఆమె చెబుతారు, ఆమె మా డిపార్ట్‌మెంటే అంటున్నాడు. నా పేరు చెబితే పని అవుతుందనుకున్నాడు. నాకు ఒళ్లంతా మండిపోయింది.

"ఇయ్యకు అక్కా," అన్నాను. "నేను చెప్పిన్నని చెప్పు. దాని మీద కూసో. అందరిని కూసోమను."

"కూసున్నంకనే నీకు ఫోన్ జేసిన," అంది ముత్తక్క. "లారీ డ్రైవరుకు అన్నం గూడ బెట్టినం, పాపం పొద్దున కెల్లి ఏం తినలేదట. రాయి సంగతి మేం సూస్కుంటం గని, నువ్వు నీ కాగితాలు, నీ సిరా పట్టుకోని రా. అచ్చులు తియ్యాలె. మా ఇంటికొకటి, ఊర్ల ఇంటికొకటి."